ఎర్ర బండి, నీలం మామ

ఆ రోజుల్లో మా ఖమ్మం జిల్లాలో కొత్త మనిషి కనబడితే ముందు ఏ ఊరని అడిగేవాళ్ళు, తర్వాత ఇంటిపేరు అడిగేవాళ్ళు. ఆ రెండింటితో మనిషి సగం అర్థమయ్యాక అసలు ప్రశ్న వేసేవాళ్ళు: "మీది ఎర్రదా, నీలందా?" ట్రాక్టరు సంగతి. అడిగించుకోవడానికి సొంత ట్రాక్టరు ఉండాలన్న నియమమేమీ లేదు. రెండెకరాల చెలక, అరువు ఎడ్లు ఉన్నవాడికి కూడా ఈ విషయంలో గట్టి అభిప్రాయం ఉండేది. టీ కొట్టు దగ్గర ఎర్రవాళ్ళ బల్ల, నీలంవాళ్ళ బల్ల అని ఎవరూ రాసిపెట్టలేదు గానీ ఎవరు ఎక్కడ కూర్చోవాలో అందరికీ తెలుసు. ఆ కంపెనీల అసలు పేర్లు నేనిక్కడ చెప్పను. ఇన్నేళ్ళ తర్వాత కూడా మా వైపు పెళ్ళి భోజనాల్లో ఆ పేర్లు ఎత్తితే వడ్డించేవాడి గరిటె ఆగిపోతుంది. కాబట్టి రంగులతో సరిపెట్టుకోండి. (ఆ రంగులైనా అసలు రంగులేనని నేను ప్రమాణం చెయ్యను.) ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే రెండూ ఇనుమే, రెండూ డీజిల్ తాగేవే, రెండూ సరిగ్గా పని ముదిరినప్పుడే మొరాయించేవే. కానీ ఆ మాట అప్పుడు పైకి అన్నవాణ్ణి ఇంట్లోవాళ్ళు దవాఖానాకు తీసుకుపోయేవాళ్ళు.

ఎనభైల మొదట్లో, డిగ్రీ అయితే చేతికొచ్చింది గానీ దాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఖమ్మం వీధుల్లో తిరుగుతున్న నన్ను ఎర్ర ట్రాక్టర్ల షోరూంలో సేల్స్‌మన్‌గా పెట్టుకున్నారు. యజమాని కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. అందరం షావుకారు గారనేవాళ్ళం. "ట్రాక్టరు నడపడం వచ్చా?" అని అడిగారు. నేర్చుకుంటానండీ అన్నాను. "మాట్లాడ్డం వచ్చా?" వచ్చండీ అన్నాను. "అది చాలు. నడుపుకునేది కొన్నవాడు, నీకెందుకు" అని ఒక కట్ట కరపత్రాలు చేతిలో పెట్టారు. వారం తిరక్కుండా అదంతా బట్టీ పట్టేశాను. ఇంజను ఎన్ని గుర్రాల శక్తి, హైడ్రాలిక్ లిఫ్టు ఎంత బరువు లేపుతుంది, గేర్లెన్ని, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. సైకిలు మీద ఊరూరా తిరిగి ఆ ప్రసంగం ఇచ్చేవాణ్ణి. రైతులు ఎంతో మర్యాదగా మొత్తం వినేవాళ్ళు. చివర్లో "మంచిగ చెప్పినవ్ బాబు. నీది ఎర్రది గదా? మాది నీలం" అని లేచి పోయేవాళ్ళు.

ఇక మా మేనమామ సంగతి చెప్పాలి. చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే చోట ఆయన ఊరు. ఆ ఊళ్ళోకి మొట్టమొదటి ట్రాక్టరు తెచ్చింది ఆయనే, అది నీలంది. అప్పట్నుంచి ఆయన పేరు జనం మరిచిపోయారు, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నీలం మామ అయిపోయాడు. ఇంటి తలుపులకు నీలం రంగు వేయించాడు. ఏరువాకకు ఊళ్ళో అందరూ ఎడ్ల కొమ్ములకు ఎర్ర రంగు పూస్తే మా మామ పట్టుబట్టి నీలం పూసేవాడు. బండిని తన భుజం మీది తువ్వాలుతో తుడిచి, అదే తువ్వాలుతో మొహం తుడుచుకునేవాడు. ఆ బండితో పొలాలు దున్నాడు, సారపాక కాగితం మిల్లుకు కిరాయికి వెదురు తోలాడు, ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకు ట్రాలీ కట్టి జనాన్ని మోశాడు. ఊళ్ళో ఇంకెవరు ట్రాక్టరు కొనాలన్నా ముందు మామ అరుగు మీద కూర్చుని ఆయన చెప్పింది విని, ఆయన కొన్నదే కొనేవాళ్ళు. ఎర్ర బండి ఆ ఊరి పొలిమేర దాటి లోపలికి వచ్చింది లేదు.

ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆశీర్వాదం తీసుకుందామని వెళ్ళాను. మామ అరుగు మీద కూర్చోబెట్టి వీపు నిమిరాడు.

"ఏందిరా, కొలువు దొరికిందంట?"

"అవ్ మామా. ఖమ్మంల. ట్రాక్టర్ల షోరూంల."

"శభాష్! మనదే గదా?"

"ఎర్రది మామా."

వీపు మీది చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. ఇంట్లోకి తిరిగి "ఏమేవ్, చాయ్ పెట్టకు. వాడు మంచినీళ్ళు తాగి పోతడంట" అన్నాడు. (నేనేమీ అనలేదు.) మా అత్త మాత్రం ఎప్పటిలాగే చాయ్ తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె మామూలుగానే తక్కువ మాట్లాడేది. ట్రాక్టర్ల చర్చ జరిగేటప్పుడైతే అసలు మాట్లాడేది కాదు, ఎవరూ ఆమెను అడిగేవాళ్ళూ కాదు.

ఇందులో నా ప్రాణం మీదికొచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. మా మామకు ఒక్కతే కూతురు. మేమిద్దరం నిక్కర్లూ గౌన్లూ వేసుకునే రోజుల్లోనే మా అమ్మా, మామా మా పెళ్ళి ఖాయం చేసేసుకున్నారు. కొత్తగూడెంలో ఇంటర్ చదివి ఇంటికొచ్చిన మరదల్ని చూసినప్పుడల్లా మా పెద్దవాళ్ళ ముందుచూపు మీద నాకు గౌరవం పెరిగిపోయేది. నేను వెళితే ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడి "ఏం బావా, ఎన్ని అమ్మినవ్?" అనేది. ఇంకా ఒక్కటీ కాలేదంటే "నీ బండికి బ్రేకులుంటయా? నీ మాటలకైతే లేవు" అని లోపలికి పోయేది. దీన్ని నేను ప్రేమ అనుకున్నాను. ఆ వయసులో మనవైపు చూసి తుమ్మినా ప్రేమ లాగానే ఉంటుంది.

మా అమ్మ వెళ్ళి ముహూర్తం మాట ఎత్తితే మామ అడ్డం తిరిగాడు. "అక్కా, వాడు చదువుల తప్పినా పిల్లనిద్దును. పేకాడినా నాలుగు తిట్టి ఇద్దును. ఎర్ర బండ్లు అమ్మేటోడికి ఎట్ల ఇయ్యాలె? రేపు ఊళ్ళె నా మొహం ఎట్ల సూపియ్యాలె? కొలువు మాన్పిచ్చు, తెల్లారి లగ్గం పెట్టుకుందాం." మా అమ్మ ఏడ్చుకుంటూ వచ్చి ఆ కొలువు మానెయ్యరా అంది. మానేస్తే మామ ట్రాక్టరు మీద డ్రైవరుగా చేరి ఇల్లరికం ఉండాలి. అది నాకు ఇష్టం లేదు. (అసలు సంగతి, అప్పటికి నాకు ట్రాక్టరు తోలడం రాదు.)

సరిగ్గా ఆ ఏడే మామ పాత బండి మూలగడం మొదలుపెట్టింది. వెదురు తోలీ తోలీ దాని నడుము విరిగింది. మామ కొత్తది కొంటాడని తెలియగానే షావుకారు గారు నన్ను లోపలికి పిలిచారు. "ఏవయ్యా, సొంత మేనమామకే అమ్మలేనివాడివి ఊళ్ళోవాళ్ళకేం అమ్ముతావు? ఈ వేసంగిలో ఆ ఊళ్ళోకి మన బండి వెళ్ళాలి. అది వెళ్ళకపోతే నువ్వెళ్ళు." ఎక్కడికండీ అన్నాను. "మీ ఇంటికి" అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. అందుకే నిజంగా భయం వేసింది. బయటికొచ్చి ఆలోచిస్తే నా బతుకు మొత్తం ఒక్క బండి మీదికి వచ్చి ఆగింది. మామ ఎర్రది కొంటే ఉద్యోగం నిలబడుతుంది. ఇంట్లో ఎర్ర బండి పెట్టుకున్న మనిషి ఎర్ర బండి అల్లుడు వద్దని అనలేడు కాబట్టి పెళ్ళీ నిలబడుతుంది. నీలంది కొంటే రెండూ పోతాయి.

నాకు పోటీగా దిగినవాడు నీలం షోరూం సేల్స్‌మన్. మధిర వైపు మనిషి. రోహిణి కార్తెలో కూడా సఫారీ సూటు విప్పేవాడు కాదు, అందుకని అందరూ అతన్ని సఫారీ అనేవాళ్ళు. మోటారు సైకిలు మీద దిగి, మామ గోడకు కొత్త క్యాలెండరు తగిలించి, తాళం చెవులకు నీలం బిళ్ళ ఇచ్చి, రెండో రాకడకే "బాబాయ్ గారూ" అని వరస కలిపేశాడు. రక్తసంబంధం నాది, అరుగు మీద నేను కూర్చునేవాణ్ణి. వరస కలుపుకున్నవాడు వాడు, కుర్చీ వాడికి వేసేవాళ్ళు. నేను మామను పట్టుకుని నా కరపత్రం అప్పజెబుతుంటే వాడు మామ చేత మామ పాత బండి కథలు చెప్పించుకుని ఆహా ఓహో అనేవాడు. అమ్మకం ఎట్లా చెయ్యాలో వాడికి తెలుసని నాకప్పుడే అర్థమైంది, కానీ ఒప్పుకోవాలనిపించలేదు.

చివరికి మా అమ్మ పోరు పడలేక మామ ఒక మాటకు వచ్చాడు. "సరే, రెండు బండ్లూ నా చెలకలకు తెండి. పక్కపక్కన దున్నండి. ఏది లోతు పోతే అది. ఎర్రది గెలిస్తే నేను పట్టింపు పెట్టుకోను." ఊరంతా చూడ్డానికి వచ్చింది. ఆ చెలక మామ వాళ్ళ నాయన కాలంలో అడవి కొట్టి చేసింది. పైకి చదునుగా కనిపిస్తుంది గానీ మట్టి కింద అక్కడక్కడ పాత చెట్ల మొద్దులున్నాయి. ఏ మొద్దు ఎక్కడుందో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. సఫారీ పొద్దున్నే వచ్చి గట్టు మీది ముసలాయనకు బీడీ ఇచ్చి తెలుసుకున్నాడు. నాకది తట్టలేదు. షోరూం నుంచి మంచి డ్రైవరే వచ్చాడు, కానీ ఇప్ప చెట్టు కింద అత్త పక్కన మరదలు నిలబడి ఉంది. నేనే తోలతానని డ్రైవర్ని దింపేశాను. అప్పటికి నాకు షోరూం వెనక ఖాళీ స్థలంలో ముందుకూ వెనక్కూ పోవడం వచ్చు.

మొదటి రెండు సాళ్ళూ బ్రహ్మాండంగా వచ్చాయి. మూడో సాలులో ఇప్ప చెట్టు దగ్గరికి రాగానే, మరదలు చూస్తున్నదా లేదా అని ఒక్కసారి తల తిప్పాను. చూస్తున్నది. ఆ సంతోషంలో ఉండగానే వెనక గొర్రు పోయి నల్లమద్ది మొద్దుకు తగులుకుంది. ఇంజను ముందుకు పోదామంటుంది, మొద్దు వద్దంటుంది. ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచాయి. నాకు ఎదురుగా పొలం పోయి ఆకాశం వచ్చింది. తర్వాత సీటు నన్ను వదిలేసింది. నేను మట్టిలో పడ్డాను, ఇంజను ఆగింది, చక్రాలు దభీమని నేలకు దిగాయి. ఊరు ఊరంతా ఘొల్లున నవ్వింది. "ఎర్రది దేవునికి దండం పెడుతున్నదిరో!" అని ఎవరో అరిచారు. మామ ఒక్కడే నవ్వలేదు. నెమ్మదిగా వచ్చి నన్ను లేపి "దెబ్బలేం తగలలే గదా? లే. బండి సంగతి ఊరికి అర్థమైంది తీ" అన్నాడు. పుల్ల పెట్టి సాళ్ళ లోతు కొలిచాడు. కొలవాల్సిన అవసరం లేదు గానీ న్యాయం న్యాయమే అన్నాడు. నీలందే లోతు పోయింది. సఫారీ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. చెట్టు కింద మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆమె నా మీద జాలితో అట్లా పెట్టుకుందని నాకు నేను చెప్పుకున్నాను.

మామ వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. ఎడ్లు కొన్నా, బండి కొన్నా, బయానా ఇచ్చే ముందు ఇంటి ఇల్లాలు దాని మీద ఎక్కి ఊరి బయట ముత్యాలమ్మ దాకా పోయి కొబ్బరికాయ కొట్టి రావాలి. ట్రాక్టరు మీద మనిషి ఎక్కేదెక్కడ? తోలేవాడికి ఒక్కడికే సీటు. మిగతావాళ్ళంతా వెనక చక్రాల మీద రేకు మడ్‌గార్డుల మీద కూర్చోవాలి. మా వైపు మడ్‌గార్డు అంటే మట్టి ఆపేది కాదు, చుట్టాలు కూర్చునేది. మిట్ట మధ్యాహ్నం అయింది. సఫారీ స్టీరింగు పట్టాడు, కుడివైపు రేకు మీద మామ కూర్చున్నాడు, ఎడమవైపు రేకు మీద అత్త, ఒళ్ళో కుంకుమ పళ్ళెం, కొబ్బరికాయ. వాళ్ళ వెనకాలే మా డ్రైవరు ఎర్ర బండి తోలుకుంటూ వస్తున్నాడు. మేము షోరూముకు తిరిగి పోవాల్సిన దారి కూడా ముత్యాలమ్మ మీదుగానే. నేను రేకు మీద కూలబడి, ఉద్యోగం పోయిందని అమ్మకు ఏ మాటతో చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. దుమ్ము పడిందని డ్రైవరుతో అన్నాను.

ఆ నీళ్ళలోంచే ముందు బండి కనిపిస్తున్నది. నీలం బండి రేకు చక్రంతో పాటు గుండ్రంగా వంగి కిందికి జారుగా ఉంది. పట్టుకోవడానికి ఏమీ లేదు. గుంత వచ్చినప్పుడల్లా అత్త జారుతున్నది, ఒక చేత్తో పళ్ళెం ఆపుకుంటూ, రెండో చేత్తో లైటు తీగ పట్టుకుని మళ్ళీ పైకి జరుగుతున్నది. ఎండకు రేకు కాలుతున్నట్టుంది, కొంగు మడిచి కిందేసుకుంది. మామ అవతలి వైపు సఫారీ భుజం పట్టుకుని దిలాసాగా గేర్ల గురించి మాట్లాడుతున్నాడు. అత్త వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. నేనూ అంతకుముందు ఎన్నోసార్లు ఆమెను పాత బండి మీద అట్లాగే చూశాను గానీ, చూసినట్టు ఎప్పుడూ అనిపించలేదు.

ముత్యాలమ్మ దగ్గర కొబ్బరికాయ చక్కగా పగిలింది. మామ సంతోషించి "ఎక్కవే, జల్దీ పోదాం" అన్నాడు.

"నేను నడిచొస్త" అంది అత్త.

"ఏందే, ఇంత ఎండల? కోసెడు దూరం!"

అత్త నా వైపు తిరిగి "అల్లుడూ, నీ బండి ఊళ్ళెకెళ్ళి పోతదా?" అని అడిగింది. మా దారి సరిగ్గా ఊరికి ఎదురు దిక్కు, అయినా "పోతది అత్తా!" అన్నాను. అత్త ఎర్ర బండి ఎక్కింది. మా బండి రేకు పైన బల్లలాగా చదునుగా ఉండేది, అంచున ఒక ఇనుప కమ్మీ ఉండేది. ఆ కమ్మీ ఎందుకుందో కరపత్రంలో లేదు కాబట్టి నాకు తెలియదు. అత్త కమ్మీ పట్టుకుని కూర్చుంది. మొదటి గుంత వచ్చింది, కదల్లేదు. రెండో గుంత వచ్చింది. మూడో గుంతకు చెయ్యి వదిలేసి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద పెట్టుకుని కూర్చుంది. అవకాశం వచ్చింది కదా అని నేను గొంతు సవరించుకుని "అత్తా, దీని హైడ్రాలిక్ లిఫ్టు ఉన్నది జూసినవూ..." అని మొదలుపెట్టాను.

"జరసేపు ఊకో రా" అంది అత్త, కళ్ళు మూసుకుని.

ఇంటికి రాగానే మామ బయానా సంచీ తీశాడు. సఫారీ పెన్ను తీశాడు. అత్త గడపలో నిలబడి "ఎర్రది తీస్కో" అంది.

"ఏంది?"

"ఎర్రది తీస్కో అన్న గదా."

మామ నవ్వాడు. సాలు లోతు చెప్పాడు, గుర్రాల శక్తి చెప్పాడు, ఎర్రది దేవునికి దండం పెట్టింది చెప్పాడు. అరుగు మీదివాళ్ళంతా తలా ఒక మాట అందించారు. అత్త అంతా అయ్యేదాకా ఆగింది.

"దున్నేది నువ్వు, లోతు నీకు ఎరుక. కూసునేది నేను. నీ నీలం బండి వచ్చినకాడి నుంచి దాని రేకు మీదనే బతికిన. చెలకకు సద్ది తెచ్చినా దాని మీదనే, మా అమ్మ సచ్చిపోతే ఏడుసుకుంట పోయినా దాని మీదనే. పొట్టతోటి ఉన్నప్పుడు కొత్తగూడెం దవాఖానాకు ఆ రేకు మీదనే తీస్కపోయినవ్. భద్రాద్రి కల్యాణానికి పోతే స్వామిని జూసుడు మర్చిపోయి మళ్ళ ఆ రేకు మీద ఎట్ల ఇల్లు చేరాల్నా అని గుబులు పడ్డ. బండి మంచిగున్నదా అని ఊరందర్నీ అడిగినవ్. నిన్ను మంచిగ కూసుండనిస్తదా అని నన్నెన్నడన్న అడిగినవా?"

అన్ని నెలలుగా ఆ ఇంటి చుట్టూ తిరిగిన నేను గానీ, అంత తెలివైన సఫారీ గానీ ఆమెను ఒక్క ముక్క అడగలేదు. చాయ్ మాత్రం తాగేవాళ్ళం. మామ లేచి కొట్టంలోకి వెళ్ళాడు. పాత నీలం బండి దగ్గర కాసేపు నిలబడి, ఎడమవైపు రేకు మీద ఎక్కి కూర్చున్నాడు. ఎప్పుడూ డ్రైవరు సీటు తప్ప ఎక్కని మనిషి, పట్టుకోవడానికి చెయ్యి అటూ ఇటూ పెట్టి చూసుకున్నాడు. ఏమీ దొరకలేదు. దిగి వచ్చి, తువ్వాలు భుజం మీంచి తీసి దులిపి, మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. "అల్లుడూ, బయానా నువ్వు రాస్కో" అన్నాడు. సఫారీ నొచ్చుకోలేదు. మోటారు సైకిలు ఎక్కుతూ "అన్నా, మా కంపెనీకి ఈ రేకు సంగతి రాయాలి" అన్నాడు. ఇలాంటివాడు మా షోరూంలో ఉంటే నాకు ఉద్యోగం ఎప్పుడో పోయేదని అనుకున్నాను.

కొత్త బండి ఇంటికి వచ్చిన రోజు ఊళ్ళో తిరునాళ్ళలా ఉంది. నేను షోరూం నుంచి బండితో వచ్చాను, మా అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మామ గంటలో పూర్తిగా ఎర్రవాడైపోయాడు. "నీలందాంట్ల ఏమున్నదిరా, ఉత్త శబ్దం" అని టీ కొట్టు బల్లవాళ్ళకు బోధిస్తున్నాడు. ఎడ్ల కొమ్ములకు ఈసారి ఎర్ర రంగే అని ప్రకటించేశాడు. అదే మంచి అదను అనుకుని మా అమ్మ పెళ్ళి మాట ఎత్తింది. "ఇంకేం అడ్డమున్నది అక్కా! బండి వచ్చింది, అల్లుడూ వచ్చిండు" అన్నాడు మామ. ఉద్యోగం నిలిచింది, పెళ్ళి కుదిరింది, నేను గెలిచాను.

అప్పుడు అత్త అంది, "దాన్ని అడిగిండ్రా?"

అందరం తిరిగి చూశాం. మరదలు బండి బానెట్టు మీద కుంకుమ బొట్లు పెడుతున్నది. మేము చూస్తున్నా ఆపకుండా వరుస పూర్తి చేసి, వేళ్ళు తుడుచుకుంది. "బావ మంచోడే నాయనా" అంది. "బావంటే నాకు కోపమేం లేదు. కానీ నాకు బావను చేసుకోవాల్నని లేదు. నేను టీచర్ ట్రైనింగుకు పోత."

మామ నోరు తెరిచాడు. అత్త చెయ్యెత్తి ఆపింది. అందరి కళ్ళూ నా మీదికి తిరిగాయి. అలాంటి సమయంలో మగవాడు ఏదో ఒకటి అనాలి కదా. బాధపడాలి, నీ ఇష్టమే నా ఇష్టం అనాలి, కనీసం మౌనంగానైనా ఉండాలి. నేను నోరు తెరిచాను. వచ్చిన మాట ఇది:

"అయితే, బండి మాత్రం వాపసు ఇయ్యరు గదా?"

మొదట నవ్వింది మరదలే. "జూసినవా అమ్మా!" అని బానెట్టు మీదికి వాలిపోయి నవ్వింది. తర్వాత అత్త నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. ఆమె అంత గట్టిగా నవ్వగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదనుకుంటాను. మామ ఆపుకోలేక నవ్వాడు. మా అమ్మ మాత్రం నా తొడ మీద గట్టిగా గిల్లింది. బండి వాపసు రాలేదు. దాని వెనకాల ఆ ఊళ్ళోకి ఇంకా ఎన్నో ఎర్ర బండ్లు వెళ్ళాయి. షావుకారు గారు నా భుజం తట్టి, వీడికి అమ్మకం పుట్టుకతోనే వచ్చిందని అందరికీ చెప్పుకున్నారు. నేను కాదనలేదు. మరుసటి ఏడు నీలం బండి కూడా చదును రేకుతో, ఇనుప కమ్మీతో వచ్చింది. టీ కొట్టు దగ్గర మళ్ళీ మొదటి నుంచీ గొడవ మొదలైంది.

మరదలు టీచరైంది. భద్రాచలం వైపు అడవిలో గూడేల బడుల్లో ఏళ్ళ తరబడి చదువు చెప్పింది, తనతో పాటు పనిచేసే మాస్టారినే చేసుకుంది, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. ఇద్దరం మనవలున్నవాళ్ళం అయిపోయాం. మా ఇళ్ళల్లో ఏ శుభకార్యం జరిగినా నా గొంతు అనుకరిస్తూ ఆ వాపసు మాట చెప్పి అందర్నీ నవ్విస్తుంది. అందరికంటే గట్టిగా మా ఆవిడ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే బాగుండదు. ఆ రోజు కొత్త బండి మీద వస్తూ ఖమ్మం నుంచి చండ్రుగొండ దాకా మనసులో వంద మాటలు పేర్చుకుని వచ్చిన కుర్రాడు ఒకడున్నాడని నాకొక్కడికే తెలుసు. ఆ మాటల్లో ఒక్కదాంట్లో కూడా ట్రాక్టరు లేదు. నోరు తెరిచేసరికి అవన్నీ వెనక్కి పోయి, బట్టీ పట్టిన ఉద్యోగం ఒక్కటే బయటికి వచ్చింది. వాడి మీద నాకిప్పుడు కోపం లేదు, కాస్త ముద్దే వస్తుంది.

మొన్న మరదలు వాళ్ళింటికి వెళితే, పెరట్లో మామిడికాయలు కోయిస్తూ ఉన్నట్టుండి అడిగింది. "బావా, ఆ రోజు ఇంకేమన్న చెప్దామనుకున్నవా?"

ఆమె తల నెరిసిపోయింది. పెరటి గుమ్మానికి ఆనుకుని నిలబడిన తీరు మాత్రం మారలేదు. చెప్పేద్దామా అనుకున్నాను.

"అవ్" అన్నాను. "మొదటి ఏడాది సర్వీసింగు ఫ్రీ అని చెప్దామనుకున్న."

ఆమె పడీ పడీ నవ్వింది. ఆమె అట్లా నవ్వుతుంటే చూడటం నాకు అప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే.